హౌ, నక్కో

రంజాన్‌కు పది రోజుల ముందు
పత్తర్‌గట్టి వెనుక మా హోటల్ ముందర
ఇటుకా మన్నూ కలిపి భట్టీ లేస్తుంది.
నా రిజిస్టర్‌లో అప్పుడే కొత్త పేజీ,
నెల్నాళ్ల పేర్లకు.

ఈసారి మొదటి గీతలో
తిల్ బహదూర్, ఊరు దైలేఖ్, నేపాల్.
పోయినేడు అదే గీతలో
షంషీర్ అలీ, ఊరు ఇక్కడే.
(నా పేరు రాయాల్సొస్తే నేనూ ఇక్కడే అనే రాస్తాను,
మా తాత నారాయణపేట నుంచి
ఒక్క ఎండాకాలానికని వచ్చినా.)

సేఠ్ లెక్క సులువు.
ఇక్కడోడికి ఇఫ్తార్ వేళ ఇల్లు యాదికొస్తుంది,
బిడ్డకు జ్వరమొస్తుంది, బావమరిది ఆటో చెడిపోతుంది,
రోజుకు వంద పెంచమంటాడు
పెంచకపోతే పక్క గల్లీకి పోతాడు.
దైలేఖ్ వాడు యాడికి పోతాడు?
గోధుమ బస్తాల పక్కన చాప చాలు వాడికి.
రాశాను. రాయడమే నా పని.
ఇల్లు దగ్గరుండటం కూడా ఒక తప్పేనని
స్కేలు పెట్టి గీత కొట్టి మరీ రాశాను.

తిల్ బహదూర్‌కు ఎర్ర షేర్వానీ తొడిగించి
సేఠ్ రెండు మాటలు నేర్పాడు,
హౌ అని, నక్కో అని.
పుణె నుంచి, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు
ఫోన్లెత్తి అడుగుతారు
అసలు హైదరాబాదీవేనా?
హౌ, అంటాడు,
చెమట దేగ్‌లో పడకుండా మోచేత్తో తుడుచుకుంటూ.
ఆ వీడియోల్లో కాస్త వెనకాల
మూసేసిన వాచీల దుకాణం మెట్టు మీద
మసగ్గా ఒక మనిషి ఉంటాడు.
ఎవరూ జూమ్ చేయరు.

పదిహేడో రోజా రాత్రి
మెట్టు దిగి వచ్చాడు షంషీర్.
ప్లేటు హలీమ్ కొన్నాడు, నేనే చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.
ఒక చెంచా నోట్లో పెట్టుకుని
నాలుకతో వెతికి వెతికి
ఒక గోధుమ గింజను అరచేతిలోకి తీసి నాకు చూపించాడు.
నలగలేదు. గింజ గింజలాగే ఉంది.

కొట్లాటే అనుకున్నాను.
భట్టీ ఎక్కి, పిల్లవాడి చేతిలోంచి ఘోట్నీ లాక్కుని
భుజంతో కాదు బేటా, అన్నాడు,
తన నడుము తట్టి చూపిస్తూ.
దంచాడు. ఇచ్చాడు. మళ్లీ లాక్కున్నాడు.
ఫోన్లన్నీ లేచాయి.
ఈ గంటకు కూలి రాయాలా అని సేఠ్ వైపు చూశాను,
సేఠ్ ఫ్యాను వైపు చూశాడు.
పెన్ను మూత తీసి అట్లాగే పట్టుకున్నాను.

పండగ మర్నాడు గడ్డపారతో భట్టీ కూల్చారు.
తిల్ బహదూర్ బొబ్బలెక్కిన వేళ్లతో
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.
ఐదొందలు తక్కువ.
తిండికి కోత, అన్నాను, రిజిస్టర్ తిప్పి చూపిస్తూ.

షేర్వానీ విప్పి మడతపెట్టి
నా బల్ల మీద పెట్టాడు.
ఎవరూ అడగకుండానే
నా కళ్లలోకి చూసి
నక్కో, అన్నాడు.