పదకొండో గడి

ఒప్పందం రోజు శాలువాలు రెండే వచ్చాయి.
ఒకటి కంపెనీ పెద్దాయనకి, ఒకటి మా వైస్ ఛాన్సలర్‌కి.
వెనక వరసలో నిలబడ్డ వేదాచలం సారుది
ఫొటోలో సగం చెవి మాత్రం పడింది.

వాళ్ళు మాకు ఇవ్వాల్సింది టవర్ లెక్కలు.
మేం వాళ్ళకు ఇవ్వాల్సింది ఒక జవాబు:
బంగారుపాళ్యం అవతల, మామిడితోపుల మధ్య,
జూన్ నెల వస్తే
ఫోన్లో మాట ఎందుకు తెగిపోతుంది?

లెక్కలు తిరుపతికి చేరాయి. పద్నాలుగు గడులు.
పదకొండోది నల్లగా పూసేసి ఉంది.
కింద చీమంత అక్షరాల్లో, గోప్యం.
ఒక గదికి తాళమేసి ఇల్లు అద్దెకిచ్చినట్టు.
మిగతా పదమూడింట్లో కాపురం పెట్టాను.

ఆకుల్ని అనుమానించాను.
తోతాపురి ఆకు పొడవెంత, మందమెంత,
వాన పడకముందు ఎంత, పడ్డాక ఎంత.
నిచ్చెన మీద యాంటెన్నా పట్టుకుని
ఎర్రచీమ కుట్టిన చోటల్లా
ఒక కొలత రాసుకున్నాను.
తోపు కాపలా మునెమ్మ కిందనుంచి అరిచింది:
"ఏం మే, ఆకులకి జరమొచ్చిండాదా?"

రెండు నెలలు.
నా సమీకరణానికి తోకలు మొలిచాయి,
తోకకొక గ్రీకు అక్షరం.
అయినా సాయంత్రం ఆరు దాటితే
తెర మీద గీతలన్నీ నిండుగానే ఉంటాయి,
మాట మాత్రం అవతలికి దాటదు.

"ఆ మూసిన గడి అడిగి చూడమ్మా" అన్నారు సారు.
అడిగాను. మెయిలుకు మెయిలు,
దాని మీద లాయర్ల మెయిలు.
చివర్న "మీ సహకారానికి ధన్యవాదాలు".

సెల్వరాజు కంపెనీ మనిషి, ఫీల్డు ఇంజనీరు.
చిత్తూరు గిరింపేట.
తెలుగులో మొదలుపెట్టి అరవంలో నవ్వుతాడు.
అతనూ సంతకం పెట్టినవాడే.
పదకొండు అన్న అంకె వినబడితే
చూపు బూట్ల మీదికి దించేస్తాడు.
ఒకరోజు ఉన్నట్టుండి జీపెక్కమన్నాడు.
"టీ తాగొద్దాం రా. ఒక చోట బాగుంటాది."

బాగుండదని గ్లాసు చూడగానే తెలిసిపోయింది.
పల్ప్ ఫ్యాక్టరీ గేటుకెదురు బంకు అది.
గేటు దగ్గర మొదలై, రోడ్డు మలుపు కూడా దాటి
ట్రాక్టర్లు, ట్రాక్టర్ల వెనక ట్రాక్టర్లు.
కాయల మీద గోనెపట్టలు,
గోనెపట్టల మీద మనుషులు.
కుప్పయ్యకు ఈ వరసలో మూడో రోజంట.
అడుగు కాయ మెత్తబడి
తొట్టి సందుల్లోంచి రసం కారుతా ఉంది.
దాని మీద ఈగలు. ఆయన చెవికి ఫోను.
"నిన్నటి రేటు కాదంట... వినబడ్తా ఉండాదా...
నిన్నటిది కాదంటున్నా... హలో..."
వెనక బండి మీద ఇంకో హలో.
ఆ వెనక ఇంకోటి.
చీకటి పడేకొద్దీ ఆ బారు పొడవునా
చెంపల పక్కన తెరలు వెలుగుతున్నాయి.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
మూడువందల పన్నెండు దగ్గర టీ చల్లారింది.

సెల్వరాజు నా వైపు చూడలేదు.
"నేనేం చెప్పలేదబ్బా" అన్నాడు, రోడ్డుతో.
"లేదు" అన్నాను, నేనూ రోడ్డుతోనే.

పూతలపట్టు దాటి చంద్రగిరి వచ్చేలోపు
సమీకరణంలోంచి ఆకులన్నీ రాల్చేశాను.

పదకొండో గడి ఇప్పటికీ నల్లగానే ఉంది.
మా పేపర్లో ఆ అంకె మేం సొంతంగా రాసుకున్నది.
బంకు బల్ల మీద కూర్చుని పదహారు సాయంత్రాలు
సారొక వైపు, నేనొక వైపు
వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.
కాయ దిగే నెలలో గేటు దగ్గర
చక్రాల మీద ఒక టవరు నిలపమని రాశాం.
కంపెనీ ఆ వాక్యం పక్కన
పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి పంపింది.
చెరపడానికి వీలుగా పెన్సిలన్నారు సారు.
చూడాలి.

కృతజ్ఞతల్లో సెల్వరాజు పేరు వేస్తానంటే
ఉద్యోగం పోతాదన్నాడు.
సరేనని "టీ" అని మాత్రం రాశాను.
పేపరు పరిశీలించినవాళ్ళు మెచ్చుకుంటూనే
ఒక్క సందేహం తిప్పి పంపారు:
ఈ పొడి అక్షరానికి
పూర్తి పేరు ఏమిటి?