614 నంబరు పుస్తకం

అల్లిపురంలో సన్యాసిరావు కొట్టు మూసేసిన రోజు
కిలో పద్దెనిమిది రూపాయల లెక్కన
నాలుగున్నర కిలోల ప్రేమ కొనుక్కొచ్చాను.
అట్టలకి ఖాకీ కాగితం, వెన్ను మీద ఎర్రసిరా నంబర్లు,
లోపల ఉప్పుగాలికి ఉబ్బి
అప్పడాల్లా విచ్చుకున్న పేజీలు.

ఇప్పుడవి కేజీహెచ్ బ్లడ్ బ్యాంకులో
నాతోపాటు నైట్ డ్యూటీ చేస్తున్నాయి.

వీటిల్లో ఎవరికీ తొందర ఉండదు.
ఒక ఉత్తరం డబ్బాలో పడటానికి మూడు అధ్యాయాలు,
అది చేరటానికి ఇంకొకటి.
అతను గుమ్మం బయటే చెప్పులు విడిచి
"లోపలికి రావచ్చా" అని అడుగుతాడు.
నలభై పేజీల తర్వాత
అదే మాట ఇంకో గొంతుతో అడుగుతాడు.
గొడుగు చేతులు మారినప్పుడు
వేళ్ళు తగిలాయో లేదో
రచయిత్రి కూడా ఖాయంగా చెప్పదు.
దుర్మార్గుడంటే మహా అయితే
దగ్గుతూ తలుపు తోసే ఓ మేనమామ.

"ఏటి మేడమ్, ఆడింకా సెయ్యట్టుకోనేదా?"
ఆయా నూకరత్నం నవ్వుతుంది.
"ఎలా పట్టుకుంటాడే, వర్షం పడందే" అంటాను.

నాకూ తెలుసు
ఇలాంటి మగాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగరని.
మా ఆయన మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నది
జగదాంబ దగ్గర రోడ్డు దాటించడానికి.
దాటాక వదిలేశాడు.

మరెందుకు చదువుతానంటే,
ఇక్కడ ఫోను మోగిందంటే
కూర్మన్నపాలెం మలుపులో లారీ.
ఏదైనా జరిగిపోయాకే నా దాకా వస్తుంది,
చీటీ మీద పేరు, గ్రూపు, టైము.
ఆ పుస్తకాల్లో మాత్రం
జరగబోయేదాన్ని
జరగబోతున్నంతసేపూ చూడనిస్తారు.

పెన్సిలు రాతలు కూడా ఉన్నాయి.
నలభై ఏడో పేజీ అంచున "ఇతన్ని నమ్మొచ్చు" అని ఒకరు.
దాని కింద వేరే దస్తూరీ, "తొందరపడకు."
ఆ కింద ఇంకెవరో ఏమీ రాయకుండా
ఒక టిక్కు పెట్టారు. దాని పక్కన మరొకటి.
లెక్కపెట్టాను, పదకొండు.
పన్నెండోది నాది.

614కి చివరి కాగితం లేదు.
పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల తూకం దగ్గర కూర్చుంటున్న
సన్యాసిరావుని వెతుక్కుంటూ వెళ్ళి అడిగాను.
"సింపినామె నాకు తెల్సండి.
టెలిఫోన్ ఎక్స్చేంజిలో సేసీది.
పెళ్ళయి కోరాపుట్టు ఎల్లిపోతా
పుస్తకం కరీదు మొత్తం కట్టీసింది.
కట్టీసి, ఆకొక్కటే సింపుకోని
మిగతాది నా సేతిలో ఎట్టీసింది,
అందరూ సదూకోనీండి అనీసి."

ఏడు రూపాయలకి ఒక్క కాగితం.
కిరండూల్ పాసింజర్లో
సొరంగం వచ్చి పెట్టె చీకటైనప్పుడల్లా
పర్సు తడిమి చూసుకుని ఉంటుంది.
ఎన్ని సొరంగాలో ఆ దారిలో.

మొన్న రాత్రి రెండింటికి ఒకతను వచ్చాడు.
ప్రసూతి వార్డు చీటీ, బి నెగెటివ్, రెండు యూనిట్లు.
చొక్కాకి ఒక గుండీ తప్పి పెట్టుకున్నాడు,
ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి.
క్రాస్‌మ్యాచ్‌కి ముప్పావుగంట పడుతుందన్నాను.
బల్ల మీద కూర్చున్నాడు. లేచాడు.
మళ్ళీ కూర్చున్నాడు.
కిటికీలో లైట్‌హౌసు వెలుగు
వచ్చి, పోయి,
వచ్చింది.

"ఏటి పుస్తకమండి అది?"
బోర్లించబోయి ఆగాను.
"కథండి. ఒకమ్మాయి, ఒకబ్బాయి."
కాసేపు నేలకేసి చూశాడు.
చేతిలో ఆవిడ గాజులు, కాగితంలో చుట్టినవి,
ఆపరేషనుకి ముందు తీసిచ్చినవి కాబోలు.
"ఆకరికి కలుస్తారా?"

లేని కాగితం మొదట్లో నా వేలు ఉంది.
సెంట్రిఫ్యూజు తిరిగి తిరిగి ఆగింది.
"కలుస్తారు" అన్నాను,
గాజు గొట్టాన్ని
దీపానికెదురుగా ఎత్తి చూస్తూ.