డబ్బా లేని ఆదివారం

స్కూటీ మీద కాళ్ల దగ్గర ఖాళీ.
ఇన్నేళ్లూ అక్కడ కూర్చున్న నీలం డబ్బా
ఇవాళ సబ్‌సెంటర్‌లో బల్ల కింద నిద్రపోతోంది.
మంచుగడ్డల్లేవు, సూదుల్లేవు,
పసిపిల్లల పేర్ల చిట్టా లేదు.
వెనక సీటు మీద ఎస్తేరు,
దాని ఒళ్లో స్టీలు క్యారేజీ,
పులిహోర, నాలుగు ఉడకబెట్టిన గుడ్లు,
ఎందుకైనా మంచిదని ఓ గొడుగు.

"ఎక్కడికే?" అంది.
"రోడ్డు అయిపోయేదాకా."

అల్లవరం దాటాక కాలవ ఎటు తిరిగితే రోడ్డూ అటే,
కొత్తకోడలు ఆడపడుచు వెనక తిరిగినట్టు.
నాకీ మలుపులన్నీ తెలుసు:
ఇక్కడ కుక్క, అక్కడ బురద,
తూము దాటాక మూడో ఇంట్లో తొమ్మిదినెలల బాబు.
కాలవలోకి వంగి
గేదెలా నీళ్లు తాగుతున్న కొబ్బరిచెట్టు మాత్రం
ఎస్తేరు వేలు చూపిస్తేగానీ కనపడలేదు.
"ఇదెప్పుడొచ్చిందే?"
"నువ్వు పుట్టకముందే."

మూడో ఇంటి గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చింది నీలవేణి.
"ఆయ్, నర్సమ్మగారండీ! ఇవాళ సూదులాండీ?
మొన్న తేలేకపోయామండి, జొరమొచ్చిందండి వాడికి!"
దాని కొంగులోంచి పెద్దపిల్ల
ఒక కన్నుతో నన్ను చూసి ఏడుపు మొదలెట్టింది.
"సూదుల్లేవమ్మా. సముద్రం చూట్టానికెళ్తున్నా."
నవ్వింది. నమ్మలేదు.

బోడసకుర్రు వంతెన మధ్యలో బండి ఆపాను.
ఆపకూడదు. ఆపాను.
కింద వైనతేయ, తొందరేమీ లేని నీళ్లు,
ఒక్క నావలో ఒక్క మనిషి
వల మడతపెట్టుకుంటున్నాడు, అదే పనిగా,
మా అమ్మ ఉతికిన చీరలు మడిచినట్టు.
వెనక లారీవాడు ఏవో తిట్టాడు.
ఎస్తేరు వాడికి చెయ్యి ఊపింది.

తాటిపాకలో మట్టపగలు కూడా ఆరని గ్యాసు మంట.
దాన్ని చూస్తూ టీ తాగాం.
కొట్టు కుర్రాడు డబ్బులు తీసుకోనన్నాడు.
"మాది ఓడలరేవండి" అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచాడు.
ఎడం భుజం మీద పెసరబద్దంత మచ్చ.
"మీరేసిందేనంటండి. అమ్మ చెప్పింది."
వాడి మొహంలో వెతికాను.
ఏ పసిమొహమూ దొరకలేదు.
వేలమంది ఏడిచారు కదా, ఎవర్నని గుర్తుపెట్టుకోను.
"అయితే సమోసా కూడా పెట్టు" అంది ఎస్తేరు.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి.
వరిచేలు పోయి రొయ్యల చెరువులొచ్చాయి,
చెరువుల్లో చక్రాలు
నీళ్లని కొట్టికొట్టి నురగ తీస్తున్నాయి.
గాలికి ఉప్పు తగిలింది.
తర్వాత సరుగుడు తోపు, లైట్‌హౌసు,
తర్వాత చక్రం ఇసకలో దిగబడిపోయి
రోడ్డు అయిపోయింది.

ఎస్తేరు కుచ్చిళ్లెత్తి దోపుకుని ఉరికింది.
నేను నిలబడ్డాను.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.
అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర
గోదావరి ఏదో చెప్పబోతోంది, సముద్రం వినకుండా మాట్లాడుతోంది,
మధ్యలో సన్నటి గీత ఒకటి
చెరుగుతోంది, మళ్లీ పడుతోంది.

ఒక అల వచ్చి పాదాల మీదెక్కింది.
గోరువెచ్చగా.
రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు,
అది దాటితే అంతా పాడైపోతుందని
ఇరవయ్యారేళ్లు లోకాన్ని చల్లగా మోసినదాన్ని.
ఇంత నీళ్లు ఎండలో
మూతైనా లేకుండా పడున్నాయి.
ఏమీ పాడవ్వలేదు.

గుడ్డు పెంకులు ఒలుస్తూ ఎస్తేరు అడిగింది,
"ఏడుస్తున్నావేంటే?"
"ఉప్పుగాలి."
"ఆ, ఉప్పుగాలే" అంది, గుడ్డు నా చేతిలో పెట్టి.

తిరిగొచ్చేసరికి మసకపడింది.
హెడ్‌లైటు నిండా పురుగులు.
తూము దగ్గర నీలవేణి బాబుని ఎత్తుకుని నిలబడుంది.
"చూశారాండీ?"
"చూశాను."
"ఎలాగుందండీ?"
ఇసక ఇంకా వేళ్ల సందుల్లోనే ఉంది.
చెప్పబోయి, మాట దొరక్క,
బండి గేరు లేనిదైనా గేరు వెతికి,
"బుధవారం వాణ్ణి తీసుకురా. చెప్తాను" అన్నాను.