బెల్టు మార్చాక

కంట్రీ అంటే నాకు తెలిసినవి రెండే.
సూళ్లూరుపేట స్టేషన్ బయట బోర్డు మీది కోడి,
మా మేనమామని ముప్పయ్యేళ్లకే తాగేసిన సారా.
ఆ పేరుతో పాట కూడా ఉంటదని
రిచీ స్ట్రీట్‌లో, మెట్ల కింద షాపులో
ఒక పాత టేపురికార్డర్ పొట్ట విప్పినప్పుడు తెలిసింది.

పెరంబూర్ నించి వచ్చిందది.
రశీదు మీద పేరు మిసెస్ ఫిలిస్ రోజారియో.
జబ్బు: పాడతా పాడతా నిద్రపోతుంది.
లోపల ఇరుక్కోని ఒక క్యాసెట్,
అట్ట మీద కంట్రీ అని పెద్దక్షరాలు,
కింద నీలం సిరాతో పదహారు పేర్లు,
ఎవురికెవురూ ఏమీ కారు.
ఎవురో కూర్చోని, ఒక్కో పాటా ఏరి,
బియ్యంలో రాళ్లేరినట్టు కాదు,
రాళ్లలో బియ్యం ఏరినట్టు,
దీంట్లోకి ఎక్కించారు.

మొదట విన్నది ఒక మగాయన గొంతు.
బావిలోంచి మాట్లాడినట్టు, సాగదీసి,
మాటకొక మెట్టు దిగతా.
ఎంత దుఃఖమో పాపం అనుకున్నా.
చూస్తే రబ్బరు బెల్టు సాగి బంకైపోయుంది.
తీసి, నలభై రూపాయల కొత్తది వేసి
మళ్లీ నొక్కితే
ఆయన కాదు, ఆమె.
పాతికేళ్ల పిల్ల, గుక్క తిప్పుకోకుండా
ఎవుర్నో ఇంట్లోంచి పొమ్మంటా ఉంది,
నవ్వుతానే.

ఆ దుఃఖమంతా బెల్టుదే.

నాది డేటాషీట్ల ఇంగ్లీషు.
వోల్టేజీ తెలుసు, టాలరెన్సు తెలుసు.
పాటల్లో దొరికినవి దొరికినట్టు పోగేసుకున్నా.
ట్రైను. అమ్మ. జైలు. వాన. మళ్లీ ట్రైను.
ఒకడు తప్పిపోయిన కుక్కని పిలిచినట్టు
దేవుణ్ణి పిలిచాడు.
గిటారు తీగల మీద ఇనప కడ్డీ జారితే
మన లోకల్ బండి వంపు తిరిగేటప్పుడు
చక్రాల కింద పుట్టే కీచు,
అదే,
కాకపోతే ఏడవడం నేర్చుకున్న కీచు.

"ఏందిరా గుల్టీ, దొరల పాటలా?" అన్నాడు ఓనరు ఇలంగో.
దొరలు కాదన్నా, అప్పులున్నాయి వీళ్లకి.
లారీలు తోలతారు.
శనివారం వచ్చిన కూలి ఆదివారానికి ఉండదు.
"మాటలే రావు నీకు, అదెట్టా తెలుసు?"
ఎట్టా చెప్పను.
చీకట్లో దగ్గు వింటే
ఇంట్లో ఎవురు దగ్గారో తెలీదూ?

రాత్రి సూళ్లూరుపేట బండిలో
ఆ పదహారు మందినీ ఎక్కించుకోని పోయేవాణ్ణి.
జైలాయనకి కిటికీ పక్క.
మొగుణ్ణి పొమ్మన్న పిల్ల ఖాళీ చేపల గంపల మధ్య.
పాటకీ పాటకీ నడుమ రెండు సెకన్ల గరగర,
అది మీంజూరు, అది పొన్నేరి.
ఎవురూ దిగరు.

ఎనిమిదో పాట మాత్రం తెగిపోద్ది.
ఒకటో పక్క టేపు అయిపోద్ది, పాట అవదు.
ఆమెతో ఒక మాట చెప్పాను అంటాడు ముసలాయన,
ఏం మాటో అనేలోపు
టక్కుమని లేస్తది మీట.
ఆయన చేత నేనే ఎన్ని చెప్పించానో.
తడ దాటేదాకా, క్షమించమని.
అక్కంపేటలో, బియ్యం నిండుకున్నాయని.
ఒక వానరోజు, తలుపు గడియ పెట్టొద్దని.

మూడు వారాలకి వచ్చింది మిసెస్ రోజారియో.
తెల్ల జుట్టు, పూల గౌను, నీళ్లు కారే గొడుగు.
మూడొందల యాభై లెక్కపెట్టి ఇచ్చింది.
చిల్లర వెతికే మిషతో,
తెలుగు కారే నా తమిళంలో అడిగా,
ఆ ఎనిమిదో ఆయన చివర ఏమంటాడమ్మా అని.
కాసేపు నన్నే చూసింది.
"మా ఆయన ఎక్కించాడిది,
లోకో షెడ్డులో నైట్ డ్యూటీకి పోయే ముందు, టైం చాల్లేదు.
ముప్పయ్యైదేళ్లుగా మా ఇంట్లో
ఆ పాట అక్కడే అయిపోద్ది బాబూ.
అక్కడికి రాగానే ఎవురో ఒకరం లేచి
క్యాసెట్ తిప్పేవాళ్లం."

ఆమె పోయాక బల్ల మీద పాత బెల్టు మిగిలింది.
వేలికి చుట్టి లాగా, సాగింది.
వదిలితే
వెనక్కి రాలా.