మాలకొండయ్య అప్పీలు

అయ్యా,
మీరు పంపిన కాగితం అందింది.
ఈసారి నా చిరునామాకే వచ్చింది.
"ఆరోపణ రుజువు కానందున ఫైలు మూసివేయడమైనది."
ఈ వాక్యం దాటడానికి నాకు ఒక పూట పట్టింది.
చదువు రాక కాదు,
రాతి మీద అక్షరాలు చెక్కేవాణ్ణి,
దేన్నయినా ఉలి నడిచినంత నెమ్మదిగానే చదువుతాను.

చీమకుర్తిలో కర్నూలు రోడ్డు పక్కన రేకుల షెడ్డు నాది.
చుక్కల నల్లరాయిలో మంచి బ్లాకులు ఓడలెక్కి పోగా
మిగిలిన చెక్కలు నా దగ్గరికొస్తాయి.
సమాధి పలకలు, బోరింగు వేయించిన దాతల పేర్లు,
బడిగోడల ప్రారంభోత్సవాలు.
మీ స్టేషను గుమ్మం పక్క రాయి కూడా నేను చెక్కిందే.
"ప్రజల సేవలో" అని ఉంటుంది, చూడండి,
క్రావడి కాస్త లోతుగా దిగింది.
ఆ రోజు చెయ్యి జారింది. ఒప్పుకుంటున్నాను.

వాళ్ళకు కావలసినవాడు పల్లపు మాల్యాద్రి.
పామూరు మనిషి. క్వారీలో రాగి కేబులు పోయిన కేసు.
నేను పల్లపు మాలకొండయ్యని.
రాత్రి పదకొండింటికి, చేతికి అన్నం అంటుకుని ఉండగా
ఈ మాటే చెప్పాను.
జీపు దగ్గర కానిస్టేబులు నవ్వాడు:
"రెండూ ఒక సామి పేర్లేగా, ఎక్కు."

నిజమే, కొండ మీద సామి ఒకడే.
శనివారం ఒక్కరోజే తలుపు తీస్తాడు.
మీ తలుపు నాకు మంగళవారం తీశారు,
శుక్రవారం దాకా వేసే ఉంచారు.
బుధవారం సంగతి ఇక్కడ మళ్ళీ రాయను.
కుడిచేతి మధ్యవేలు ఇప్పటికీ ఉలి చుట్టూ వంగదు.
అంతవరకు చాలు.

కాగితం అడుగున ఇంకో ముక్క:
"నోటీసు పంపినా ఫిర్యాదుదారు హాజరు కాలేదు."

ఆ నోటీసు నాకెలా చేరిందో చెబుతాను.
విచారణ తేదీ దాటిన పదకొండో రోజున
ఒక ముసలమ్మ బస్సు దిగి
మూడు షెడ్లలో అడిగి మా షెడ్డుకొచ్చింది.
కొంగుముడిలోంచి కవరు తీసింది.
"మా మాల్యాద్రి ఇంట్లో లేక ఏడాదిన్నర నాయనా.
పోస్టాయన పేరు చూసి నాకిచ్చాడు.
బడిపిల్లతో చదివించుకున్నా.
కొట్టారని ఉంది.
కొట్టారంటే యాడో బతికే ఉన్నాడని
సంతోషపడ్డా. తప్పే.
చివర్న నీ షెడ్డు పేరుంది. నీది గామోసని తెచ్చా."

మజ్జిగ తాగింది. నా వేలు చూసింది.
బస్సు చార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు.

తప్పు మనిషిని పట్టుకున్నారని నేను రాస్తే
ఆ తప్పు జరగలేదని తేల్చడానికి
మీరు పిలిచింది కూడా తప్పు మనిషినే.
ఇంకేం రుజువు కావాలయ్యా?

"పేర్ల స్వల్ప సామ్యం వల్ల కలిగిన అసౌకర్యం" అన్నారు.
మా పనిలో అక్షరం తప్పితే చెరపడం ఉండదు.
ఎంత పాలిష్ పట్టినా నీడ మిగులుతుంది.
కిందటేడు ఒక సమాధికి సుశీలమ్మ బదులు
సుసీలమ్మ అని చెక్కాను.
చచ్చిపోయిన మనిషి, అడగదు.
కూతురు కూడా పర్లేదులే అంది.
నాకే కుదర్లేదు.
నా డబ్బుతో కొత్త పలక కొని మళ్ళీ చెక్కాను.

ఫైలు తెరవమని అడుగుతున్నాను.
పరిహారం సంగతి తర్వాత.
ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళనే అడిగి రాసిన రిపోర్టు పక్కన పెట్టి
నన్నూ ఒకసారి అడగండి.
తేదీ వేసి పిలవండి, వస్తాను.
శనివారమైనా సరే,
ఆ రోజు సామికి జనం ఎక్కువ, నాకోసం చూడడు.
ఆ ముసలమ్మ కొడుకు జాడ కూడా
ఎవరైనా కాస్త చూడండి, కేసు కోసం కాదు.

ఇట్లు
పల్లపు మాలకొండయ్య.
'మా' పక్కన 'ల'.
'ల' కింద ఏ వత్తూ లేదు.
దయచేసి చూసుకోండి.