ఎనిమిది తీగలకు ఒక ఊపిరి

మస్కట్ ఒపెరా హౌసులో, తెర వెనక
ఏసీ డక్టు బిగిస్తూ విన్నాను ఆ పాట.
భాష తెలీదు. ఎవరికోసం ఏడుస్తోందో తెలీదు.
ఒక్క స్వరం ఎక్కి నిలబడి
నేను నిచ్చెన దిగేదాకా
దిగలేదు ఆవిడ.

రువీలో గది. ఆరు మంచాలు.
పాలకొండ ఆర్కెస్ట్రాలో మా చిన్నాన్న వాయించిన మాండొలిన్,
గడువు తీరిన లేబర్ కార్డుని కత్తిరించి
చేసుకున్న మీటుబిళ్ళ.

వయొలిన్లన్నీ తీసేశాను. బాకాలు తీసేశాను.
వాటన్నిటికీ కింది జంటతీగ మీద
రెండు దెబ్బలు చాలు.
చిక్కల్లా ఆవిడ ఊపిరితోనే.
తీగ మీటీ మీటగానే
చావడం మొదలెడుతుంది.

గబగబా మీటి నిలబెట్టబోతే
"దోమ దూరిందిరోయ్" అన్నాడు
దుప్పట్లోంచి పోలినాయుడు.
నిజమే. దోమే.

పన్నెండు శుక్రవారాలు పోయాక
శ్రుతి అరమెట్టు దించి చూద్దును గదా,
కిటికీ ఏసీ హోరుకి అతుక్కుపోయింది షడ్జమం!
దానికి గ్యాసు నింపింది నేనే,
ఇన్నాళ్లూ తంబురా అని తెలీలేదు.

ఇప్పుడా పెద్ద స్వరం దగ్గర
ఒక్కసారే మీటి చెయ్యి తీసేస్తాను.
కొంత దూరం తీగ మోస్తుంది,
మిగతాది ఏసీ.

నిన్న రాత్రి సరిగ్గా అక్కడే
గది చల్లబడి
టక్కున ఆగింది కంప్రెసరు.
చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

దుప్పట్లోంచి ఒక బొంగురు గొంతు
ఆ స్వరాన్ని అందుకుంది.
కాస్త తగ్గే పలికింది,
నేను సరిచెయ్యలేదు.
పోలినాయుడి ఊపిరి అయిపోయేదాకా
తర్వాతి స్వరానికి వెళ్లలేదు.