మసక, పదిహేడో సంచిక

జాంగీరు దుకాణంల పుస్తకం కిరాయి
దినానికి పది పైసలు.
దేవరకొండ బస్టాండు గోడకు సుతిలి కట్టి
బట్టలారేసినట్టు దయ్యాలను ఆరేసెటోడు.
ఆడిపిల్లకు గివేం పుస్తకాలని ఎవరన్న అంటరని
నాకు మాత్రం లెక్కల నోటుబుక్కుల పెట్టి ఇచ్చేది.

నెలకొక తాప వచ్చేది "మసక".
నల్లరంగు ఒకటి, దానికి తోడు ఇంకొకటి,
అచ్చాఫీసుల ఏ డబ్బ మిగిలితె అది.
ఒక నెల పచ్చనెత్తురు, ఒక నెల నీలినెత్తురు.
ఎర్రది దొరికిన నెల అచ్చు పక్కకు జరిగి
నెత్తురు నోటికి అంటకుండ
బొటనవేలంత దూరంల గాలిల నిలబడేది.
అది తప్పని మాకెవ్వరు చెప్పలె.
నెత్తురంటె గంతేననుకున్నం:
మనిషిని ఇడిసిపెట్టి, పక్కన నిలబడి
మనిషినే చూస్తదని.

కాయితం సుత పల్చన.
పండుకున్న పెండ్లిపిల్ల మంచం మీద
ఇంక తిప్పని పేజీలోని నీడ
ముందుగాల్నే వచ్చి వంగేది.

బొమ్మలేసినాయన పేరు ఎవ్వరికెరుక లేదు.
మూలకు చిన్న తేలు గీసెటోడు, గదే సంతకం.
ఆయన గీసిన బొక్కల మనుషులు
సక్కగ నిలబడకపోయేది.
మోకాళ్లు లోపటికి, నడుము కొడవలి లెక్క,
మెడ తిప్పాల్నంటె మనిషి మొత్తం తిరగాలె.

మా ఈరమ్మత్త గట్లనే తిరిగేది.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగిన బొక్కలు.
ఎనుక నుంచి పిలిస్తె
ఒళ్లంత మళ్లేదాక ఆగెటోళ్లం.

పదిహేడో సంచికల ఒకామె
నడిరాత్రి బోరింగు కొడ్తది.
పొద్దుగాల లేసి చూస్తె
వాడకట్టు బిందెలన్ని నిండి ఉంటయి.
ఎవరు నింపిండ్రని ఒక్కరు అడగరు.
గంతే కథ.
అత్త ఆ బొమ్మ మీద ఏలు పెట్టి
"ఇది నేనే గదనే" అని నవ్వింది.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలె.

తర్వాత మూడు రూపాయలైంది, నాలుగు రంగులైంది.
తేలు కనిపించుడు బందైంది.
కొత్తాయన దవాఖాన పటంల చూసి గీసిన బొక్కలు
లెక్కకు రెండు వందల ఆరు, ఒక్కటి వంకర లేదు.
దయ్యం మొదటి పేజీలనే దిగేది
చెప్పులిడవకుండ ఇంట్లకొచ్చే చుట్టం లెక్క.
అట్ట మీదికి తడిచీర ఎక్కింది,
కథ నడుమల కండల మందు, అదృష్టపుటుంగరం.
నెత్తురు నోట్లనే ఉండేది, గీత దాటకపోయేది.

అరవై రెండుల ఒక్క కథ బాగుండె, ఒప్పుకోవాలె:
నల్లగొండ ఆఖరి బస్సుల
టికెట్లు నలభై, మనుషులు ముప్పై తొమ్మిది,
కండక్టరు తెల్లారేదాక లెక్కపెడ్తనే ఉంటడు.

"అచ్చు మంచిగైతుంది బిడ్డా,
భయమే జర తక్కువ పడ్తుంది"
అన్నడు జాంగీరు, కూరల ఉప్పు గురించి చెప్పినట్టు.
తక్కువైంది దానికో, పెరిగింది నేనో,
ఆ లెక్క ఇప్పటికి తేలలె.
ఆయన పోయినంక కట్టలన్ని
పల్లీల బండికి తూకానికి పోయినయి.
కొన్నాళ్లు ఊరంత
పొట్లాలిప్పి, గింజలు తిని, దయ్యాలను పారేసింది.

మొన్న కొత్తగ అచ్చేసిండ్రు, మందపు అట్టతోని.
నున్నటి కాయితం, అవతలి నీడ ఇవతలికి రాదు.
కంప్యూటర్ల పెట్టి అంత సాపు చేసిండ్రు.
జరిగిపోయిన నెత్తురును దొరకవట్టి
మళ్ల నోట్లె పెట్టిండ్రు.
తేలును మరకనుకున్నరేమో, తుడిచిండ్రు.

పదిహేడో సంచిక తీసిన.
బోరింగు కాడ ఆమె ఉన్నది.
ఎవరో, పాపం, మంచి మనసుతోనే కావచ్చు,
ఆమె నడుము సక్కజేసిండ్రు.
మోకాళ్లు సక్కజేసిండ్రు.
పిలిస్తె టక్కున మెడ తిప్పేటట్టున్నది.

సంతోషపడాలె గద, పడలేకపోయిన.
అత్త ఉండి ఉంటె
ఏలు పెట్టి, కండ్లు చికిలించి,
"ఈమె ఎవరే" అని అడిగేది.